దూరమున నిలిచి చూచుట



తెల్లవారకముందే ఒక సంఘకాపరి చెరువు కట్టకు వెళ్లి, ముప్పాతిక మీటరు పొడవుగల తెల్లని గొట్టమును మూడు కాళ్ల స్టాండుమీద నిలిపి, దాని వెనుక చిన్న కెమేరాను తగిలించి, గంటల తరబడి మెదలక కూర్చుండుట మీరు చూచినయెడల ఏమనుకొందురు? మా గ్రామస్థులు మొదట నేను భూముల సర్వే చేయుచున్నానని తలంచిరి. ఒక సంఘపెద్ద మా ఇంటికి వచ్చి, "అమ్మగారూ, అయ్యగారికి ఒంట్లో కులాసాగానే ఉన్నదా?" అని నా భార్యను మెల్లగా అడిగెనట. నాకు యాబది ఆరేండ్లు. సెమినరీలో చదివినవాడను. ముప్పదేండ్లకు దగ్గరగా ప్రసంగములు చేసినవాడను. అయినను ఆ చెరువు కట్టమీద ఒక కొంగవలన నేను నేర్చుకొన్న సంగతి అంతవరకు నాకు తెలియలేదు. అది నాకు సిగ్గు కలిగించిన సంగతి గనుక మొదట దాచవలెననుకొంటిని. గాని నావంటివారు మన సంఘములలో మరికొందరుందురని తలంచి వ్రాయుచున్నాను.

ఆ గొట్టము నక్షత్రములను చూచుటకు చేసిన టెలిస్కోపు. మన పెద్దలు దుర్భిణి అనెడివారు. 2020వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీ సాయంకాలమున గురుగ్రహమును శనిగ్రహమును ఆకాశములో ఒకదానికొకటి మిక్కిలి దగ్గరగా, పూర్ణచంద్రుని వెడల్పులో అయిదవ వంతు ఎడమున కనబడినవి. క్రిస్మసు దినములగుటచేత చాలమంది దానిని క్రిస్మసు నక్షత్రమని పిలిచిరి. సండేస్కూలు పిల్లలకు ఆ వింత చూపింపవలెనని మా యౌవనస్థులు చందాలు వేసికొని ఈ టెలిస్కోపును కొనిరి. ఆ సాయంకాలము పిల్లలు వరుసగా నిలిచి, శనిగ్రహపు వలయమును చూచి కేకలు వేసిరి. ఆ తరువాత అది మందిరపు వెనుక గదిలో తబలా ప్రక్కను దుమ్ము పట్టి పడియుండెను.

2023వ సంవత్సరపు వానకాలమున ఒకనాడు నేను దాని దుమ్ము దులిపి, పనిచేయుచున్నదో లేదో చూతమని చెరువువైపు త్రిప్పితిని. తుమ్మకొమ్మమీద లకుముకిపిట్ట ఒకటి కనబడెను. దాని రొమ్ముమీది ఈకలు లెక్కపెట్టదగినంత స్పష్టముగా కనబడెను, గాని తలక్రిందుగా కనబడెను! నేను నవ్వుకొంటిని. ఇది టెలిస్కోపు తప్పు కాదు. ముందొక కుంభాకార కటకము, కంటియొద్ద మరియొక కుంభాకార కటకము పెట్టినయెడల బింబము తలక్రిందగును. ఈ అమరికను 1611లో కెప్లరు అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు వివరించెను. ఆయన సంఘసేవకుడు కావలెనని దైవశాస్త్రము చదివి, 1594లో గణిత బోధకుడుగా పంపబడినవాడు. నక్షత్రమునకు తలయు కాళ్లును లేవు గనుక ఆకాశమును చూచువారికి తలక్రిందు బింబమువలన చిక్కు లేదు. పక్షికి ఉన్నవి గనుక చిక్కు వచ్చినది. కంటి కటకమునకు ముందు ఏటవాలుగా ఒక అద్దమును అమర్చగా పక్షి నిటారుగా నిలిచెను, గాని కుడి ఎడమలు మారిపోయెను. పిట్ట కుడివైపు ఎగిరినప్పుడు నేను గొట్టమును ఎడమవైపు త్రిప్పెడివాడను. ఆ అలవాటు మారుటకు నెల దినములు పట్టెను.

పూర్వము పక్షిని సరిగా ఎరుగవలెనన్నయెడల దానిని తుపాకీతో కొట్టి చేతబట్టి చూచెడివారు. 1931, 1932 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానమంతట పక్షుల సర్వే జరిపిన సలీం అలీగారు సయితము, బాల్యమున గాలితుపాకీతో కొట్టిన ఒక పిచ్చుకనుబట్టియే పక్షిశాస్త్రమువైపు తిరిగిరి. తరువాత బైనాక్యులర్లు వచ్చినవి, గొప్ప కటకములుగల కెమేరాలు వచ్చినవి. ఆ కటకముల వెల మనవంటివారికి అందునది కాదు. 1999లో మలేషియా దేశస్థుడైన లారెన్స్ పో అను పక్షిప్రియుడు, పక్షులను చూచు దుర్భిణి కంటి కటకమునకు తన చిన్న డిజిటల్ కెమేరాను ఆనించి ఫోటోలు తీసెను. కంటికి కనబడునది కెమేరాకును కనబడునుగదా! అప్పటినుండి లోకమంతట ఎందరో ఆలాగు చేయుచున్నారు.

నా మేనల్లుడు కువైట్ నుండి వచ్చుచు నాకొక చిన్న డిజిటల్ కెమేరా తెచ్చియిచ్చెను. నేను నీళ్ల పైపు ముక్క ఒకటి కోసి, లోపల పాత సైకిలు ట్యూబు చుట్టి, ఒక కొన కంటి కటకమునకు, రెండవ కొన కెమేరాకు బిగియునట్లు చేసితిని. మొదటి ఫోటోలో నల్లని వృత్తము నడుమ నాణెమంత వెలుగు మాత్రమే పడెను. కెమేరా జూము కొంచెము ముందుకు జరుపగా ఆ నలుపు పోయెను. మీట నొక్కిన వ్రేలి అదటుకే చిత్రము చెదరిపోయెను. అందుచేత మీట నొక్కిన రెండు క్షణములకు తనంతట తానే ఫోటో తీసికొను ఏర్పాటును కెమేరాలో పెట్టి, చేయి తీసివేసితిని. స్టాండు గాలికి ఊగకుండ దాని నడుమ ఒక సంచిలో రాళ్లు వ్రేలాడదీసితిని.

ఇక దగ్గరగా చూపు శక్తి సంగతి. మా టెలిస్కోపు ముందు కటకము వెడల్పు 70 మిల్లీమీటర్లు. దాని నాభ్యంతరము, అనగా కటకమునుండి బింబము ఏర్పడు చోటివరకు గల దూరము, 700 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల కంటి కటకము పెట్టినయెడల 700ను 25చేత భాగింపగా 28 రెట్లు. 140 మీటర్ల దూరముననున్న పక్షి 5 మీటర్లలో ఉన్నట్లు అగపడును. 10 మిల్లీమీటర్ల కటకము పెట్టినయెడల 70 రెట్లు, అనగా 2 మీటర్లలో ఉన్నట్లే. అందరివలె నేనును పెద్దదే మంచిదనుకొంటిని. గాని శక్తి పెరిగినకొలది వెలుగు తగ్గును. 28 రెట్లలో కంటికి వచ్చు కాంతిధార మందము రెండున్నర మిల్లీమీటర్లు, 70 రెట్లలో ఒక్క మిల్లీమీటరు. చిత్రము ఆరు రెట్లకు పైగా మసకబారును. పక్షి ఎంత పెరుగునో దానితోకూడ స్టాండు వణకు, గాలి అదురు, నా తొందరపాటు అంతయు పెరుగును. ప్రొద్దెక్కినకొలది నీటిమీది వేడిగాలి కాగిన నూనెమీది ఆవిరివలె ఆడును. అప్పుడు ఎంత మంచి కటకమైనను ఉపయోగము లేదు. కాబట్టి తక్కువ శక్తి, తెల్లవారుజాము, నిశ్చలమైన మనస్సు, ఈ మూడును కావలెను. మరియొక మాట. ఈ పని చేయదలచిన యౌవనస్థులారా, టెలిస్కోపును ఎన్నడును సూర్యునివైపు త్రిప్పకుడి. ఒక్క క్షణములో కన్ను పోవును.

మా చెరువు నడుమ సర్కారుతుమ్మ చెట్లు గుంపుగా నీటిలో నిలిచియున్నవి. ఆ చలికాలమున ఎర్రకాళ్ల కొంగలు వచ్చి వాటిమీద గూళ్లు పెట్టినవి. పసుపుపచ్చని పొడవైన ముక్కు, ఈకలు లేని నారింజవన్నె తల, రొమ్మునకు అడ్డముగా నల్లని పట్టీ, వెనుక తోకయొద్ద గులాబిరంగు ఈకలు. పేదవాని కన్నులకు ఇంత సొంపు ఉచితముగా ఇయ్యబడినది! ఈ కొంగ కంటితో చూచి చేపను పట్టదు. ముక్కు కొంచెము తెరచి బురదనీటిలో అటు ఇటు త్రిప్పుచు నడచును. చేప తగిలిన తక్షణమే ముక్కు మూయును. మ్రింగిన చేపలను గూటిలో కక్కి పిల్లలకు పెట్టును. కట్టమీదనుండి, 140 మీటర్ల దూరమున, నేను ఒక గూటిని మూడు వారములు చూచితిని. అందులో తెల్లని నూగుతో మూడు పిల్లలుండెను. తొమ్మిది గంటలకు ఎండ తీవ్రమైనప్పుడు తల్లియో తండ్రియో గూటి అంచున నిలిచి, రెండు రెక్కలును గొడుగువలె విప్పి, పిల్లలకు నీడ పట్టెడిది. తనకు మాత్రము నీడ లేదు. ఆ దృశ్యము చూచిన దినమున నేను ఇంటికి వచ్చి చాలసేపు మాటలాడలేకపోతిని.

నేను తృప్తిపడి అంతటితో ఊరకుండవలసినది. గాని ఆ విప్పిన రెక్కలు ఫోటోలో చిన్నవిగా, అంచున ఊదారంగు గీతతో పడెను. వచ్చే కన్వెన్షన్‌లో తెరమీద చూపి ప్రసంగింపవలెనను ఆశ నాలో పుట్టెను. 2024 ఫిబ్రవరిలో ఒక ఉదయమున, నీరు తగ్గి బురద తేలిన చోటుగుండ, టెలిస్కోపు భుజమున వేసికొని చెట్లవైపు దిగితిని. గేదెలు కాయు పిల్లవాడొకడు కట్టమీదనుండి కేకవేసెను.

"అయ్యగారూ, పోవద్దండీ! తల్లి లేస్తే కాకులొస్తాయండీ!"

"నాకు తెలుసులేరా" అని నేనంటిని. ఆ మాట ఇప్పటికిని నా చెవులలో మ్రోగుచున్నది.

నలువది అడుగుల దూరమునకు వచ్చి స్టాండు పాతుచుండగా ఆ గుంపంతయు ఒక్కసారి లేచెను. రెక్కల చప్పుడు తుపాను గాలివలె నా తలమీదుగా పోయెను. గూళ్లలో పిల్లలు మండుటెండలో విడువబడెను. రెండు నిమిషములు కాకముందే కాకులు వచ్చినవి. ఒకటి ప్రక్క గూటినుండి గ్రుడ్డును ముక్కున పట్టుకొని పోవుట నా కన్నులతో చూచితిని. పిల్లవాడు పరుగెత్తుకొని వచ్చి, మట్టిబెడ్డలు విసరుచు, అరచుచు కాకులను తోలెను. నేను కెమేరా తడవకుండ చేయి పైకెత్తి బురదలో పడితిని. అంతటి సమయమున సయితము నా చేయి కాపాడినది కెమేరానే. మేము కట్టెక్కి కనుమరుగైన తరువాత, చాలసేపు గాలిలో తిరిగి తిరిగి కొంగలు ఒక్కొక్కటే దిగినవి. మరునాటి ఉదయమున నా గూటిలో రెండు పిల్లలే ఉండెను. మూడవదానిని కాకి కొనిపోయెనో, అది క్రిందపడెనో నేను చూడలేదు. ముందటి దినము మూడుండెనని మాత్రము ఎరుగుదును.

ఆ రాత్రి కెమేరాలోని ఫోటోలు చూచుకొంటిని. ఆకాశము, బురద, ఒక రెక్క కొన. వెనుకకు త్రిప్పుచుండగా పాత ఫోటోలు వచ్చినవి. వాటిలో ఒకటి చూచి నా చేయి ఆగిపోయెను.

2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్లయొద్ద తీరము దాటినది మీకు జ్ఞాపకముండును. మా ప్రాంతమున కోతకు వచ్చిన వరి నీట మునిగెను. పట్టణములోని కొందరు సహోదరులు బియ్యమును దుప్పట్లను పంపిరి. నేను ప్రతి కుటుంబమును ఒక గుడ్డ బ్యానరు ముందు నిలువబెట్టి, చేతిలో సంచి ఉంచి, రిపోర్టు నిమిత్తము ఫోటో తీసితిని. వారిలో ఒక విధవరాలు ఉండెను. కౌలుకు అరయెకరము చేసికొని బ్రదుకు సహోదరి. కోతపండుగకు ప్రతి సంవత్సరము మొదటి కుంచెడు వడ్లు ఆమెయే తెచ్చెడిది. అట్టి స్త్రీ సంచి పట్టుకొని నిలిచి, పమిట చెంగు ముఖముమీదికి లాగుకొనెను. "ముఖము కనబడవలెనమ్మా, ఇటు చూడు" అని నేనంటిని. ఆమె చూచెను. నేను ఇంకను రెండడుగులు దగ్గరకు జరిగి, మరి రెండు తీసితిని. క్రిస్మసు తరువాత ఆమె మందిరమునకు రాలేదు. మిరపకోతలకు పోవుచున్నదని మేమనుకొంటిమి.

ఆ చిన్న తెరమీద ఆమె కన్నులు చూచితిని. అవి నన్ను చూచుచున్న కన్నులు కావు, ఎగిరిపోవ దారి వెదకుచున్న కన్నులు. ఎగురుటకు ఆమెకు రెక్కలు లేవు గనుక నిలిచియుండెను.

మరునాటి సాయంకాలము నేనును నా భార్యయు ఆమె ఇంటికి వెళ్లితిమి. నులకమంచము వాల్చి కూర్చుండుడనెను. నేను చుట్టు త్రిప్పక, "అమ్మా, ఆ దినమున నీ ఫోటో నేను తీయకూడదు. నన్ను క్షమించు" అంటిని.

ఆమె కొంతసేపు ఊరకుండెను. తరువాత, "బియ్యం తిన్నామండీ అయ్యగారూ, దేవునికి స్తోత్రం. కాని ఆ బొమ్మ మా అల్లుడి ఫోనుకు కూడా వచ్చిందండీ. మా వియ్యంకురాలు నలుగురికీ చూపించిందంట. మా అమ్మాయి ఏడ్చింది" అనెను.

నేనేమి చెప్పగలను?

"ఆ బొమ్మ తీసేయగలరాండీ?" అని ఆమె అడిగెను.

"నా కెమేరాలోనుండి తీసివేయగలను. ఇతరుల ఫోనులలోనుండి తీసివేయలేనమ్మా" అంటిని. అబద్ధమాడుటకు నా మనస్సు ఒప్పలేదు. ఆమె ఎదుటనే కెమేరా తెరచి తుడిచివేసితిని. ఆమె లోపలికి వెళ్లి మాకిద్దరికి మజ్జిగ తెచ్చెను. అది క్షమాపణయో మర్యాదయో నేనెరుగను. త్రాగి లేచితిమి.

చదువరులారా, ఆ రాత్రి నేను మత్తయి సువార్త 6వ అధ్యాయము తెరచితిని. పక్షులను గమనించుడని మన ప్రభువు చెప్పిన మాట ఆ అధ్యాయములోనిదే. దానిమీద నేను ఎన్నియో ప్రసంగములు చేసితిని. ధర్మము చేయునప్పుడు బూర ఊదించుకొనవద్దనియు, ఒక చేయి చేయునది రెండవ చేతికి తెలియనీయవద్దనియు చెప్పిన మాటయు ఆ అధ్యాయపు ఆరంభములోనే ఉన్నది. దానిమీదను ప్రసంగించితిని. గాని ముప్పదేండ్లలో ఒక్కసారియైనను ఆ రెండు మాటలను ప్రక్కప్రక్కను పెట్టి చూడలేదు. గురువును శనియు ఒకచోట చేరుటను పిల్లలకు చూపినవాడను, ఒకే అధ్యాయములో చేరియున్న రెండు సంగతులను నాకు నేను చూపుకొనలేదు. పక్షిని చూచుట వేరు, పక్షిని చూపుకొనుట వేరు. బీదవానికి ఇచ్చుట వేరు, ఇచ్చినట్టు చూపుకొనుట వేరు. బూర పోయి కెమేరా వచ్చినది, అంతియే.

తరువాత మా సంఘములో ఈ ఏర్పాటు చేసికొంటిమి. ఎవరికి సహాయము వచ్చినను, సంఘపెద్దల భార్యలిద్దరు చీకటిపడిన తరువాత ఇంటికి తీసికొనిపోయి ఇత్తురు. ఫోటో లేదు. ఎన్ని సంచులు వచ్చెను, ఎన్ని ఇయ్యబడెను అను లెక్కమీద ముగ్గురు పెద్దలు సంతకములు చేయుదురు. సహాయము పంపువారిలో ఒకరు ఫోటోలు ఎందుకు లేవని అడిగిరి. నేను జరిగినది దాచక వ్రాసితిని. ఆ తరువాత వారినుండి ఏమియు రాలేదు. మరియొకరు మునుపటివలెనే పంపుచున్నారు. నష్టము లేదని నేను చెప్పను. మందిరపు పైకప్పు మరమ్మతు ఈనాటికిని మిగిలియున్నది.

లెక్క చూపవద్దని నేను చెప్పుటలేదు. దూరమునుండి ఇచ్చువారికి తమ సొమ్ము చేరినదో లేదో తెలియవలసినదే. గాని అది తెలియుటకు ఒక తల్లి ముఖము అక్కరలేదు. టెలిస్కోపు నాకు నేర్పినది ఇదే. దగ్గరగా ఎరుగవలెనన్నయెడల దగ్గరకు దూసికొనిపోవలసిన పని లేదు. మన చోట మనము కదలక నిలిచియున్నయెడల, వారు భయపడని దూరమునుండియే వారి అక్కరలు కనబడును. గుంటూరునకు సమీపముననున్న ఉప్పలపాడు చెరువులో గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును గూళ్లు పెట్టుచున్నవి. అనంతపురము ప్రాంతమున వీరాపురములో కొంగలు ఇండ్ల మధ్యనున్న చింతచెట్లమీదనే పిల్లలను పెంచుకొనుచున్నవి. ఆ చెట్ల క్రింద మనుష్యులు నడచుచునే యున్నారు. కొంగ భయపడునది మనిషికి కాదు, తనమీదికి వచ్చు మనిషికి.

ఆ సహోదరి ఇప్పుడు మందిరమునకు వచ్చుచున్నది. మునుపటివలె ముందు వరుసలో కాదు, తలుపు దగ్గర కూర్చుండును. నేను ఆమెను ముందుకు పిలువలేదు.

2025లో కొంగలు మరల వచ్చినవి. అవే కొంగలో కావో నేను చెప్పలేను. తెల్లవారుజామున కట్టమీద స్టాండు నిలిపి, 28 రెట్ల కటకము పెట్టి కూర్చుంటిని. గేదెలు కాయు పిల్లవాడు వచ్చి నా ప్రక్కను గొంతుక కూర్చుండెను. ఈసారి మొదట వానికే చూడనిచ్చితిని. వాడు ఒక కన్ను మూసి, రెండవ కన్ను ఆనించి, "నాలుగండీ, నాలుగు పిల్లలు!" అని గొంతు తగ్గించి చెప్పెను. ప్రొద్దెక్కిన తరువాత తల్లి రెక్కలు విప్పెను. రెండు క్షణముల ఏర్పాటు పెట్టి, చేయి తీసివేసితిని. ఆ ఫోటోలో పక్షి చిన్నది, అంచులు ఊదారంగు, వేడిగాలికి కొంచెము మసక. తెరమీద చూపుటకు పనికిరాదు. గాని అందులో తల్లి నిలిచియున్నది, పిల్లలమీద నీడయున్నది. మేము ఉన్నట్లు దానికి తెలియదు.